సావిత్రి: వినోదరంగంలో మానసిక వేదన

కృష్ణా డెల్టా వెండితెరకు ఇచ్చిన మహానటి సావిత్రి జీవితం, కళాకారుల మానసిక వేదనకు తెలుగువారు ఎరిగిన ఉదాహరణల్లో ముందు వరుసలోది. ఆమె గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోవడంతో విజయవాడలో పెద్దమ్మ ఇంట పెరిగి, నాట్యం నేర్చి, నాటకాలాడి మద్రాసు చేరారు. ‘దేవదాసు’ (1953), ‘మాయాబజార్’ (1957) చిత్రాలతో అగ్రతార అయ్యారు.

‘చివరకు మిగిలేది’ (1960)లో ఆమెది మానసిక చికిత్సాలయంలో నర్సు పాత్ర. రోగుల్ని ఆదరించి ఆదరించి, చివరికి తానే మనసు చెదిరి రోగి అవుతుంది. మనోవ్యాధిని అంత సానుభూతితో చూపిన తెలుగు చిత్రాలు తక్కువ. తెరమీది ఆ వేదనకు కంటతడి పెట్టిన జనం, ఆమె సొంత కష్టాల్ని మాత్రం పుకార్లుగా చెప్పుకున్నారు. భర్త జెమినీ గణేశన్‌తో ఎడబాటు, సొంతంగా తీసిన తమిళ ‘ప్రాప్తం’ (1971) మిగిల్చిన నష్టం, ఆదాయపు పన్ను చిక్కులు, మద్యం ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. తాగుడుకు బానిస కావడం వైద్యం కావలసిన జబ్బు. దాన్ని శీలలోపంగా లెక్కగట్టడం ఆమెకు జరిగిన అన్యాయం. నెలల తరబడి కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూశారు.

ఈ వేదన సావిత్రి ఒక్కరిదే కాదు. ఒక్కో సినిమాకు కొత్తగా అవకాశం వెతుక్కోవాల్సిన నటనావృత్తిలో నెలజీతం లేదు, పేరు తగ్గితే పలకరింపూ తగ్గుతుంది. తారలకన్నా జూనియర్ ఆర్టిస్టులకు, రంగస్థల కళాకారులకు ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది.

ఇలాంటి వేదనలో ఉన్నవారి కోసం కేంద్రప్రభుత్వ ‘టెలి మానస్’ ఫోన్ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. మనసు బాగాలేనివారు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.