వంశచరిత్రలూ, ప్రజాచరిత్రా

వంశచరిత్రల సభలకు నేను వెళ్తున్నానంటే అభ్యుదయవాదులైన మిత్రులు కొందరు ముఖం చిట్లిస్తారు. వంశం, గోత్రం, కులం అనే మాటల బరువు దించుకోవటానికే గదా మనం ఇంతకాలం పోరాడింది, మళ్ళీ ఆ మూట నెత్తికెత్తుకోవటం ఎందుకని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. దానికి నాకు తోచిన సమాధానం చెప్పటానికే ఈ వ్యాసం. ఆ సమాధానం నాకు గ్రంథాలయంలో దొరకలేదు. విశాఖపట్నంలో ఒక సభలో, నేను మాట్లాడి కూర్చున్న తరవాత దొరికింది.

ముందు వంశావళి సంగతి చూద్దాం. మన దేశంలో వంశావళి ఎన్నడూ ఒట్టి జ్ఞాపకం కాదు, అది హక్కుపత్రం. కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు పోగుచేసిన స్థానిక చరిత్రల్లో రాజులూ, పాలెగాళ్ళూ తమ పుట్టుకను సూర్యుడికో చంద్రుడికో ముడిపెట్టుకోవటం కనిపిస్తుంది. 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చిన తరవాత ఈ వంశావళులకు కొత్త విలువ వచ్చింది. ఏ కొడుకు పెద్దవాడు, ఏ దత్తత చెల్లుతుంది అన్నదాని మీద వందలాది గ్రామాల శిస్తు ఎవరి పెట్టెలో పడాలో తేలేది. పెద్ద జమీందారీలను పంచుకోవటానికి వీల్లేదని 1904లో చట్టమే చేశారు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినా, ఆ వంశవృక్షాల పటాలు మాత్రం చాలా గోడల మీద ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

అయితే వంశావళి పైవర్గాల సొత్తు మాత్రమే అనుకుంటే పొరపాటు. రెడ్లకు పిచ్చికుంట్లవారు గోత్రాలు చెప్పినట్టే, పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు ఉన్నారు. డక్కలివారు చెప్పే జాంబవ పురాణంలో, లోకమింకా పుట్టకముందే మాదిగల మూలపురుషుడు పుట్టాడు. ఇందులో చరిత్ర ఎంత అని అడగటం కంటే, ఊరు చివరికి నెట్టినవాడు అందరికన్న ముందు పుట్టినవాణ్ణి నేనే అని ఎందుకు చెప్పుకున్నాడో అడగటం మేలు. అది గర్వం కాదు, ధిక్కారం.

ఇక ఓడల సంగతి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దర్బను చేరింది. అప్పటినుంచి 1911 వరకు లక్షన్నరకు పైగా జనాన్ని కట్టుబడి కూలీలుగా నేటాలు చెరకుతోటలకూ, బొగ్గుగనులకూ తరలించారు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళినవారిలో ప్రముఖంగా కనిపించే జిల్లాల్లో విశాఖపట్నం ఒకటి. ప్రతి ఓడకూ ఒక పట్టీ ఉంది. అందులో మనిషికొక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. పశువును సంతలో కొన్నప్పుడు రాసుకునే గుర్తుల్లాంటివే ఇవీ. కూలీ పారిపోతే పట్టుకోవటానికి రాసుకున్న ఈ పట్టీయే ఈనాడు అతని మునిమనుమడికి ఊరు చూపించే దారి అయింది. తోట యజమానికి మనిషిని కేవలం అంకెగా మార్చిన ఆ నంబరే ఇప్పుడు ఆ అంకెను తిరిగి మనిషిగా మారుస్తున్నది.

నేను సభలో మాట్లాడింది దీన్ని గురించే. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన కొన్ని తెలుగు కుటుంబాలు ఆ రోజు సభలో ఉన్నాయి. వారికి పనికివచ్చే సంగతులు కొన్ని చెప్పాను. పట్టీలో విశాఖపట్నం అని ఉంటే నేటి నగరం అనుకోవద్దు. ఆనాటి జిల్లాలో 1936లో ఒరిస్సాకు పోయిన కోరాపుట్టూ, 1979లో ఏర్పడ్డ విజయనగరం జిల్లాలో చాలాభాగమూ, 2022లో ఏర్పడ్డ అనకాపల్లి జిల్లా కూడా ఉన్నాయి. పట్టీలో గంజాం అని ఉంటే ఒరిస్సాలోనే వెతకవద్దు. శ్రీకాకుళం 1936 వరకు గంజాంలోనే ఉండేది. తెల్ల గుమస్తా చెవికి వినిపించినట్టు రాసిన ఊరిపేరును పైకి పదిసార్లు చదివితే తప్ప తెలుగు పేరు బయటికి రాదు.

ఉపన్యాసానికి ముందు నిర్వాహకుల్లో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "మాష్టారూ, పట్టీలో కులం గడి సంగతి ఎత్తకండి. వచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు," అన్నారు. నేను ఎత్తాను. కులాన్ని కీర్తించటం ఒక తప్పయితే, దాచటం రెండో తప్పు. ఓడ ఎక్కినవారిలో భూమిలేని పాలేర్లు ఎందుకంత మంది, కరువుకూ, అప్పుకూ, అంటరానితనానికీ మధ్య ఉన్న లంకె ఏమిటి అన్నది ఆ గడి మూసేస్తే అర్థం కాదు. ఓడ ఎక్కేటప్పుడు కులం మార్చి చెప్పుకున్నవారూ ఉన్నారు. సముద్రం దాటి వారు తెంచుకున్న సంకెలను మనం ఇక్కడ మళ్ళీ అతికించి, ఇదిగో మీ గోత్రం అని బహుమానంగా ఇవ్వటం ఏమి న్యాయం? ఇంతవరకు నా ఉపన్యాసం బాగానే సాగిందనుకున్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. "బాబూ, మా తాత రంగం ఎల్లిపోనాడు. మరి రానేదు. ఆయన పేరు మీ పుస్తకంలో ఏ పేజీలో ఉంది?" అని అడిగాడు.

నా దగ్గర సమాధానం లేదు. రంగం అంటే రంగూను. ఈ తీరం నుంచి బర్మాకు పోయినవారితో పోలిస్తే నేటాలుకు పోయినవారు చాలా కొద్దిమంది. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి ఏటేటా వేలమంది పోయి, రంగూను రేవులో బస్తాలు మోశారు, మిల్లుల్లో వడ్లు దంచారు. కాని వారిని తీసుకుపోయింది సర్కారు ఒప్పందం కాదు. మేస్త్రీ ఇచ్చిన బయానా. మేస్త్రీ లెక్క అతని సంచిలోనే ఉండేది, అతనితోనే పోయేది. అందుచేత నేటాలు పట్టీ వంటిది వారికి లేదు. 1930 మే నెలలో రంగూను రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టి, సమ్మె ముగియగానే వారిని వెళ్ళగొట్టారు. ఆకలిగొన్న ఇద్దరి మధ్య పెట్టిన ఆ చిచ్చులో వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవుల వెంట నడిచి వచ్చారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. 1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నాక మళ్ళీ కట్టుబట్టలతో వచ్చిపడ్డారు. కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అనే పేరు ఆనాటి గుర్తే.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే నాకు సిగ్గు వేసింది. భట్రాజు అన్నం పెట్టిన ఇంటి వంశాన్ని పొగిడాడు. నేను కాగితం ఉన్నవాడి చరిత్రే రాశాను. తేడా ఎంత? దొర తన లాభంకోసం రాసుకున్నవాడికి చరిత్ర ఉన్నదనీ, రాయనివాడికి లేదనీ నేను తెలియకుండానే ఒప్పుకున్నాను.

కాగితం లేనివాడి కష్టం గతానికి సంబంధించినది మాత్రమే కాదు. ఉక్కు కర్మాగారంకోసం 1966లో ఈ ఊరు ప్రాణాలిచ్చింది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. అరవైకి పైగా గ్రామాలు ఆ భూమి కింద పోయాయి. నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస కార్డును వారు ఆర్-కార్డు అంటారు. కార్డు తాత పేరున ఉంటే, ఉద్యోగం అడిగే మనుమడు తాను ఆయన మనుమణ్ణేనని రుజువు చేసుకోవాలి. ఊరు లేదు, కరణం లేడు, సాక్ష్యం చెప్పే రావిచెట్టు లేదు. జమీందారుకు వంశావళి గ్రామాలను సంపాదించిపెట్టింది. ఇతనికి పోయిన పొలానికి బదులు ఒక కూలి దొరకటానికి కావలసివచ్చింది. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో ప్రభుత్వ వాటా అంతా అమ్మటానికి కేంద్రం ఆమోదించినప్పుడు, భూమి ఇచ్చినవాడి మనుమడు అడిగిన ప్రశ్న ఇదే: మా తాత భూమి ఇచ్చింది ఎవరికి?

తరవాతి సభలో నేను వేరే ఉపన్యాసం ఇచ్చాను. పట్టీల గురించి కాదు, పట్టీలు లేనివారిని గురించి. విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ ఒక పని సూచించాను. ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. బర్మా క్యాంపుకు వెళ్ళండి, నిర్వాసిత కాలనీలకు వెళ్ళండి, రేవు కార్మికుల పేటలకు వెళ్ళండి. యూనియన్ సభ్యత్వ పుస్తకం, రేషన్ కార్డు, తిరుగు ప్రయాణపు కాగితం, చిరిగినా సరే, చూసి నకలు రాసుకోండి. ముందుగా ముసలమ్మలను అడగండి. వంశవృక్షంలో ఆడదానికి కొమ్మ ఉండదు. కాని ఎవరు ఏ ఊరినుంచి వచ్చారో, ఏ కరువులో ఎవరు పోయారో, ఎవరు రంగం నుంచి ఉత్తరం రాయటం మానేశారో ఆమెకే తెలుసు. కన్నవారి ఊరు ఏది, అత్తవారి ఊరు ఏది అని అడగండి. రెండు తరాల వలస మీ ముందు నిలబడుతుంది.

ఇదంతా చేస్తే ఎవరి వంశమూ సూర్యుడి దాకా పోదు. మహా అయితే ముగ్గురు నలుగురు తాతల దాకా పోతుంది. అక్కడ ఒక పాలేరో, ఒక కళాసీయో, పేరు తెలియని ఒక ఆడమనిషో నిలబడి ఉంటారు. ఆ ముసలాయన తాత పేరు నాకు ఇంకా దొరకలేదు. కాని ఆయన చెప్పిన మాటలు తేదీ వేసి నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకంలో మొదటి పేజీ అదే.