టెక్సాస్‌లో పైపులు ఎందుకు పగిలాయి? రెండుసార్లు మరిచిపోయిన పాఠం

మే నెల మధ్యాహ్నం అద్దంకిలో ట్యాప్ తిప్పితే ఏమవుతుంది? మిద్దె మీద ట్యాంకులో కాగిన నీళ్లు చెయ్యి కాలుస్తాయి. పైపులో నీళ్లు గడ్డకట్టడం అనేది మనం ఊహించలేం. కానీ తెలుగువాళ్లు వేలల్లో ఉంటున్న డల్లాస్‌లో 2021 ఫిబ్రవరిలో అదే జరిగింది. ఈ ఎపిసోడ్ ఆ కథే.

ముందు చిన్న సైన్స్. నీళ్లు ఐసు అయితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఐసు పైపులో బిరడాలా బిగుసుకుంటుంది. దానికీ, మూసి ఉన్న ట్యాప్‌కీ మధ్య ఇరుక్కున్న నీళ్లకి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి పెరిగి పైపు పగులుతుంది. ఐసు కరిగాక ఇల్లంతా నీళ్లే!

మరి చలి దేశాల్లో రోజూ ఇలా పగలవా? అక్కడ పైపుల్ని భూమిలో లోతుగా, ఇంట్లో వెచ్చగా ఉండే చోట వేస్తారు. టెక్సాస్ ఇళ్లు మాత్రం ఎండను చూసి కట్టినవి. పాత ఇళ్లు పొట్టి దిమ్మెల మీద ఉంటాయి. నేలకింద మనిషి పాకి వెళ్లేంత ఖాళీ, అదే క్రాల్ స్పేస్. అందులోంచే పైపులు పోతాయి, చల్లగాలి కూడా పోతుంది. తర్వాత కాంక్రీటు పునాది ఇళ్లొచ్చాయి. వాటిలో చాలావాటికి పైపులు పైకప్పు కింద అటకలో ఉంటాయి. అక్కడా హీటింగ్ ఉండదు.

ఇప్పుడు అసలు చరిత్ర. 1989 డిసెంబరులో టెక్సాస్‌లో విపరీతమైన చలి వచ్చి కరెంటు ప్లాంట్లు ఆగాయి. చలికి తట్టుకునేలా చేసుకోండని సలహా ఇచ్చారు, తప్పనిసరి చెయ్యలేదు. 2011 ఫిబ్రవరిలో మళ్లీ అదే. ఈసారి కేంద్ర నియంత్రణ సంస్థలు పెద్ద రిపోర్టే రాశాయి. అదీ సలహాగానే మిగిలింది.

2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలు. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలకు కరెంటు పోయింది. కరెంటు లేక హీటర్లు ఆగాయి, హీటర్లు ఆగి పైపులు పగిలాయి. కోటి మందికి పైగా నీళ్లు కాచుకుని తాగాల్సి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఎక్కువమంది చలికే పోయారు. వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు వెలిగించి, గ్యారేజీలో కారు ఆన్ చేసి, విషవాయువుతో పోయినవాళ్లూ ఉన్నారు. ఆ జూన్‌లో గానీ ప్లాంట్లకు చలి రక్షణ తప్పనిసరి చేస్తూ చట్టం రాలేదు.

మీ అన్నయ్యో, అక్కో అక్కడుంటే ఇవి చెప్పండి. చలి హెచ్చరిక రాగానే ట్యాపులు సన్నధారగా వదలాలి. సింకు కింద అర తలుపులు తెరిచి పెట్టాలి. క్రాల్ స్పేస్‌లో, అటకలో పైపులకు ఫోమ్ తొడగాలి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. ఇంట్లో బొగ్గులు మాత్రం వెలిగించొద్దు.

1977లో దివిసీమ ఉప్పెన వేలమందిని మింగింది. ఆ తర్వాత మన తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి, ఇప్పటికీ జనం వాటిలో తలదాచుకుంటున్నారు. రిపోర్టు రాస్తే సరిపోదు ఫ్రెండ్స్, గోడ లేవాలి, పైపుకి తొడుగు పడాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!