రెండుసార్లు చెల్లించి కట్టుకున్న బడులు

అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో పాడుబడిన రోజెన్‌వాల్డ్ బడుల్ని నిలపాలా, కూల్చాలా అన్న వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. నిలపాలనడానికి గట్టి సాక్ష్యం జమాఖర్చుల్లోనే ఉంది. 1912, 1932 మధ్య 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 బడులు లేచాయి. షికాగో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ కలిసి తలపెట్టిన పని అది. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లయితే, నల్లజాతి జనం సమకూర్చింది 47 లక్షలు. అప్పటికే పన్నులు కట్టినవాళ్లు మళ్లీ చందాలెత్తారు, నేల ఇచ్చారు, కలప మోశారు. కరెంటు లేని ఊళ్లు కాబట్టి తూర్పు పడమరల వెలుతురు గదిలోకి దండిగా వచ్చేలా ఎత్తైన కిటికీలు వరుసగా పెట్టారు. ఆ కిటికీల్ని చూసే ఇప్పటికీ ఈ బడుల్ని గుర్తుపడతారు.

వివక్ష గుర్తుల్ని ఎందుకు దాచుకోవాలని కొందరు అడుగుతారు. ఆ బాధ నిజం. జాతుల వారీ బడులు చెల్లవన్న 1954 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇవి మూతపడటం ఒక గెలుపే. అయినా వేరు బడులు పెట్టింది చట్టం, గోడలు లేపింది ఆ చట్టానికి తలవంచని తల్లిదండ్రులు. కూలిస్తే చెరిగిపోయేది వాళ్ల కష్టమే. ఖర్చు మాట కొట్టిపారేయలేం, అన్నిటినీ బాగుచేయడం సాధ్యం కాదు. కానీ గ్రంథాలయంగానో సమావేశ మందిరంగానో ఊరికి పనికొచ్చే చోట కూల్చడం తప్పు. 2002లో చారిత్రక కట్టడాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ వీటిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. నేటికి మిగిలినవి సుమారు పదో వంతే.