సవామురా ఎయిజీ

జపాను దేశమున బేస్‌బాల్ అను బంతియాట, మనకు క్రికెట్టువలెనే, విదేశమునుండి వచ్చి స్వదేశపు ఆటయై పాతుకొనినది. బిళ్ళంగోడు ఎరిగినవారికి దీని తీరు దుర్గ్రాహ్యము కాదు. ఒకడు అరువది అడుగులకు కొంచెము మించిన దూరమునుండి బంతిని విసరును. ఎదుట నిలిచినవాడు దుడ్డుకర్రతో దానిని కొట్టవలెను. మూడుమార్లు తప్పినచో వాని వంతు ముగియును. బంతి బరువు పండ్రెండు తులములకు కొంచెము పైన. ఈ బరువును శ్రోతలు జ్ఞప్తియందుంచుకొన వేడెదను. దానితో మరల పని కలదు.

ఈ విసరుటలో జపానువారు నేటికిని మొదట తలచుకొను పేరు సవామురా ఎయిజీ. అతడు 1917వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఉజియమడ పట్టణమున జన్మించెను. సూర్యదేవత యాలయముండుటచే యాత్రాస్థలమైన ఆ పట్టణమును ఇప్పుడు ఇసే యందురు. అతడు క్యోటో నగరమున వాణిజ్య పాఠశాలలో చదువుచు, విద్యార్థుల పోటీలలోనే దేశమంతట ఖ్యాతి గడించెను.

1934లో యోమియూరి పత్రికాధిపతియగు షోరికి మట్సుతారో, తన పత్రిక ప్రచారమునకై, అమెరికాలోని మేటి ఆటగాండ్రను రప్పించెను. వారినెదుర్కొను జట్టులో సవామురా కావలసి వచ్చెను. కాని విద్యార్థులు జీతపు ఆటగాండ్రతో ఆడరాదని 1932లో ప్రభుత్వము శాసించియుండెను. కావున పదునేడేండ్ల ఆ బాలుడు చదువు ముగియకయే బడి విడిచెను. పత్రిక వారికిది చిన్న విషయము. అతనికి మాత్రము దీని మూల్యము నాలుగేండ్ల తరువాత తెలిసినది.

నవంబరు 20వ తేదీన షిజుయోకా పట్టణములోని కుసనగి మైదానమున ఆట జరిగెను. గెహ్రింగర్, బేబ్ రూత్, గెరిగ్, ఫాక్స్ అను నలుగురు మహావీరులు వరుసగా వచ్చి, ఒకరివెంట నొకరు ఇతని బంతికి తప్పి వెడలిపోయిరి. ఆనాడు మొత్తము తొమ్మండుగురు అట్లు పోయిరి. ఏడవ విడతలో గెరిగ్ కొట్టిన ఒక్క దెబ్బకు బంతి మైదానము దాటెను. ఆ ఒక్క పరుగుతోనే అమెరికనులు గెలిచిరి. ఆ పర్యటనలో జపాను జట్టు ఒక్క యాటయు గెలువలేదు. అయినను ప్రజలు మరువక చెప్పుకొనునది ఈ ఓటమినే. అతని బంతి గంటకు నూరుమైళ్ళ వేగమున పోయెడిదని చెప్పువారు కలరు. ఆనాడు కొలిచినవారెవ్వరును లేరు. ఆ మాటను అభిమానముక్రింద జమకట్టుట మేలు.

ఆ జట్టే స్థిరపడి టోక్యో జయంట్సు అను పేర 1935లో అమెరికాలో పర్యటించి నూటికి పైగా ఆటలాడెను. 1936లో జపానున వృత్తి పోటీలారంభమైనవి. ఆ సెప్టెంబరులో ఓసాకా టైగర్సువారికి ఒక్క సరియైన దెబ్బకైనను అవకాశమీయక సవామురా ఆట ముగించెను. జపాను వృత్తి క్రీడలో అట్టిది అదియే మొదటిది. 1937 వసంతమున 24 ఆటలు గెలిచి నాలుగు మాత్రమే ఓడెను. ఉత్తమ క్రీడాకారుడన్న బిరుదు తొలిసారిగా అతనికే దక్కినది.

1938 ఆరంభమున సైన్యమునుండి పిలుపు వచ్చెను. విశ్వవిద్యాలయములలో చదువువారికి ఆ కాలమున సైనికసేవ వాయిదా పడుచుండెను. బడి విడిచినవానికి ఆ రక్ష లేదు. చీనా యుద్ధమున అతని యెడమచేతికి గుండు తగిలినది. అంతకంటె పెద్ద నష్టము కుడిచేతికి కలిగెను. చేయి గొప్పదని పేరుండుటచే సైన్యములో అతనిచే చేతిబాంబులు విసిరించిరి. ఆ బాంబు బరువు మన పండ్రెండు తులముల బంతికి మూడురెట్లకు పైమాటయే. దానిని దూరము విసరి విసరి భుజము చెడెను.

1940లో తిరిగివచ్చినపుడు పూర్వపు వేగము లేదు. చేతిని పైకెత్తి విసరలేక ప్రక్కనుండి విసరుట నేర్చెను. అట్టి చేతితోనే ఆ జూలైలో నగోయా జట్టుపై మూడవమారు ఒక్క దెబ్బయులేని ఆటను సాధించెను. 1937 నాటి విజయములకంటె నాకిది గొప్పగా తోచును. బలమున్నపుడు గెలుచుట వేరు, బలము పోయిన పిదప ఉపాయముతో గెలుచుట వేరు. 1941లో రెండవ పిలుపు వచ్చెను. ఈమారు ఫిలిప్పీను దీవులు. 1943లో మరల మైదానమున నిలిచెను గాని ఒక్క ఆటయు గెలువలేకపోయెను. 1944లో జట్టువారు అతనిని తొలగించిరి.

ఆ యేడే మూడవ పిలుపు. భార్యను, పసికూతురును విడిచి ఓడ యెక్కెను. ఫిలిప్పీనులకు పోవుచున్న ఆ ఓడను డిసెంబరు 2వ తేదీన యాకుషిమా దీవి చేరువ సముద్రమున అమెరికా జలాంతర్గామి ముంచివేసెను. అతని వయస్సు ఇరువదియేడేండ్లు.

వృత్తి పోటీలలో అతని లెక్క 63 గెలుపులు, 22 ఓటములు. అతని తరువాత వచ్చినవారిలో ఇంతకు అనేక రెట్లు గెలిచినవారు కలరు. 1947లో జయంట్సువారు అతని చొక్కాపై నుండిన 14వ సంఖ్యను మరెవ్వరికిని ఈయరాదని నిర్ణయించిరి. ఆ యేడే ఉత్తమముగ బంతి విసరువానికి సవామురా పేర బహుమానము నెలకొల్పబడెను. తగినవాడు కానరాని సంవత్సరమున దానిని ఎవ్వరికిని ఈయరు. 2019లో అట్లే జరిగెను.