జాల్నా రైలు, ఎర్రగడ్డ బస్సు

కౌన్సెలింగ్ అనే మాట వినగానే మన తెలుగు ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది ఏమిటో చెప్పనా? ఎంసెట్! పిల్లవాడి సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుని, తండ్రిగారు ఆఫీసుకు సెలవు పడేసి, మాసాబ్‌ట్యాంక్ సాంకేతిక విద్యాభవన్ గేటు ముందు పొద్దున్నే నిలబడటం - అదీ మనకు తెలిసిన కౌన్సెలింగ్. ఇప్పుడు అదంతా కంప్యూటర్లోనే జరిగిపోతోంది గానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దాని తరవాతది పోలీసు కౌన్సెలింగ్. తాగి బండి నడిపినవాళ్లకీ, రౌడీషీటర్లకీ, ఇల్లు విడిచి వెళ్లిన ప్రేమజంటలకీ 'కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు' అని పేపర్లో రాస్తారు చూశారూ, అది. ఇక మూడోది మరీ చోద్యం. మొగుడు కొట్టాడని స్టేషను మెట్లెక్కిన ఇల్లాలి చుట్టూ పెద్దమనుషులు చేరి, 'సర్దుకుపో తల్లీ, పిల్లల మొహం చూడు' అని చెప్పి వెనక్కి పంపడం. దాన్నీ కౌన్సెలింగ్ అనే అంటారు!

అసలు కౌన్సెలింగ్ ఈ మూడూ కాదు. మూడోదైతే దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఈ మధ్య మా మేనత్తను చూడటానికి వెళ్లాను. మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ నడుమ ఒక ఊళ్లో ఉంటుందావిడ. డెబ్భై దాటాయి. మా ఇంట్లో ఆవిడ గురించి చిన్నప్పటినుంచీ గుసగుసగా వినేదాన్ని - 'రెండో కాన్పు తరవాత దానికి పిచ్చి లేచిందట' అని. అడిగే ధైర్యం ఇన్నేళ్లకు గానీ రాలేదు నాకు. అడిగితే ఆవిడ నవ్వేసింది.

"గాలి సోకిందన్నరు బిడ్డా. గాలి గాదు, ధూళి గాదు. నాకు ఊకె ఏడ్వబుద్ధయితుండె. పిల్లగానికి పాలియ్యబుద్ధి గాకపోతుండె. ఎందుకో నాకే తెల్వది, ఇగ ఎవలికేం చెప్పాలె?"

తాయెత్తులు కట్టారు. కోడిని కోశారు. ఎవరో వేపమండలతో కొట్టారు కూడా. చివరికి ఇంట్లో అందరూ ఒక మాట మీదికొచ్చారు - ఎర్రగడ్డకు తీసుకుపోవాలని. మామయ్య ఆవిడ్ని మేడ్చల్‌లో బస్సెక్కించాడు. బోయిన్‌పల్లి దాకా వచ్చారు. అక్కడ ఆయనకు ధైర్యం చాలలేదు. 'ఊళ్ల తెలిస్తె చెల్లె పెండ్లయితదా?' అన్నాడట. దిగి, రోడ్డు దాటి, అవతలి వైపు బస్సెక్కి ఇంటికొచ్చేశారు.

హైదరాబాదు వాళ్లకి ఎర్రగడ్డ ఊరిపేరు కాదు, తిట్టు. 'వీణ్ణి ఎర్రగడ్డలో పడెయ్యాలి' అని నవ్వుకోని ఇల్లుందా? కానీ ఆ ఆస్పత్రి మొదట ఎర్రగడ్డలో లేదన్న సంగతి చాలామందికి తెలియదు. నిజాం రాజ్యంలో పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది. ఇప్పటి మహారాష్ట్రలో, ఔరంగాబాదుకి ఇవతల. అక్కణ్ణించి 1953లో ఎర్రగడ్డకు మార్చారు. నిజాం కాలంలో వేసిన మీటరుగేజి రైలుమార్గం సికింద్రాబాదు నుంచి బొల్లారం, మేడ్చల్, నిజామాబాదు, నాందేడ్ మీదుగా జాల్నా దాటి మన్మాడ్ పోయేది. అంటే హైదరాబాదు నుంచి జాల్నాకు రైల్లో పంపించిన మనుషులందరూ మేడ్చల్ స్టేషను దాటే వెళ్లారన్నమాట. రైలు అక్కడ ఆగినప్పుడు కిటికీలోంచి ఏ ఇల్లాలు ఏ చింతచెట్టును చూసిందో, మళ్లీ ఆ దారిన తిరిగొచ్చిందో లేదో! నవలలు రాసే దాన్ని కనుక ఆ కిటికీ దగ్గర నా మనసు కాస్త ఎక్కువసేపు ఆగిపోతుంది, క్షమించండి.

ఆ రోజుల్లో మనిషిని అక్కడికి పంపడానికి చట్టం ఉండేది గానీ, మనిషి మాట వినడానికి ఏర్పాటు ఉండేది కాదు. బ్రిటిష్ ఇండియాలో 1858లో ఒక చట్టం, 1912లో మరో చట్టం. వాటి పేర్లలోనే 'లునసీ' ఉంది. చంద్రుడి ప్రభావంతో మతి పోతుందన్న పాత నమ్మకంలోంచి వచ్చిన మాట అది. డాక్టరు సర్టిఫికెట్టు, మేజిస్ట్రేటు ఉత్తర్వు, ఆపైన తలుపు. స్వతంత్రం వచ్చాక కూడా ఆ 1912 చట్టమే దశాబ్దాలు నడిచింది. 1987లో కొత్త చట్టం చేసి, 1993లో గానీ అమల్లో పెట్టలేదు.

మాట్లాడటమే మందు కావచ్చునని మొదట కనిపెట్టింది ఎవరంటే అందరూ ఫ్రాయిడ్ పేరు చెబుతారు. నన్నడిగితే ఒక ఆడపిల్ల అంటాను. వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అని ఒకమ్మాయి. 1880లో తండ్రి జబ్బు పడితే రాత్రింబవళ్లు సేవ చేస్తూ తానే జబ్బు పడింది. చెయ్యి చచ్చుబడింది, మాతృభాష మరిచిపోయి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడేది. డాక్టర్ బ్రాయర్ రోజూ వచ్చి కూర్చుని ఆమె చెప్పేదంతా వినేవాడు. చెప్పినకొద్దీ తేలికపడేది. ఆ పద్ధతికి 'మాటల వైద్యం' అని పేరు పెట్టింది డాక్టరు కాదు, ఆ అమ్మాయే! సరదాగా ఉన్నప్పుడు 'పొగగొట్టం దులపడం' అనేదట. కట్టెలపొయ్యి ఊదిన మన అమ్మమ్మలకి ఈ పోలిక వెంటనే అర్థమయ్యేది. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో ఈ కథ ప్రచురించినప్పుడు ఆమెకు పేరు మార్చి 'అన్నా ఓ' అన్నారు. పుస్తకంలో నయమైపోయిందని రాసినంత సులువుగా నయం కాలేదు, ఆ తరవాత కూడా శానిటోరియాల్లో గడపవలసి వచ్చింది. అయినా నిలదొక్కుకుని, 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘం స్థాపించి, ఆడపిల్లల అమ్మకాల మీద జీవితాంతం పోరాడింది. ఆమె అసలు పేరు లోకానికి తెలిసింది 1953లో. జాల్నా నుంచి ఎర్రగడ్డకు ఆస్పత్రి వచ్చిన ఏడాదే!

ఆ 1953లోనే లండన్‌లో ఇంకొకటి జరిగింది. ఛాడ్ వరా అనే మతగురువు ఒక చర్చిలో టెలిఫోను పెట్టుకుని, 'బతకాలని లేనివాళ్లు నాకు ఫోన్ చెయ్యండి' అని ప్రకటించాడు. ఆయన్ని ఆ పనికి పురికొల్పింది ఒక పద్నాలుగేళ్ల పిల్ల. 1935లో, అప్పుడప్పుడే మతగురువైన ఆయన ఆ పిల్లకు అంత్యక్రియలు చేయించాడు. ఆ పిల్ల తన ప్రాణం తానే తీసుకుంది. ఎందుకో తెలుసా? పెద్దమనిషి అయింది, అంతే. అది ఏదో చెడ్డ రోగమనుకుంది. 'ఇది అందరికీ వచ్చేదేనే పిచ్చిమొహమా' అని చెప్పే ఆడదిక్కు ఒక్కరంటే ఒక్కరు లేకపోయారు.

టెలిఫోను పెట్టాక జనం తండోపతండాలుగా వచ్చారు. వాళ్లు తమ వంతు కోసం వేచి ఉండే గదిలో టీ, కాఫీ అందించడానికి కొందరు స్వచ్ఛందంగా వచ్చి కూర్చునేవారు. కొన్నాళ్లకు వరా ఒక వింత గమనించాడు. ఆ టీ ఇచ్చే మనుషులతో మనసు విప్పుకుని, ఎంతోమంది తనను కలవకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు! దాంతో 1954లో వినే పని ఆ టీ ఇచ్చేవాళ్లకే అప్పగించేశాడు. అదే 'సమారిటన్స్'. మన చెన్నైలో 1986 నుంచి 'స్నేహ', హైదరాబాదులో 'రోష్ని' ఇదే తరహాలో ఫోనులో వింటున్నాయి.

తెలుగువాళ్లకు ఫోను కన్నా ముందు ఉత్తరం ఉంది. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల తరబడి నడిపారు. వంటల దగ్గర్నుంచి కాపురం గొడవల దాకా అన్నీ ఆవిడకే రాసేవారు. ఇప్పటి కౌన్సెలర్లు అంటారు - సలహా చెప్పడం మా పని కాదు అని. నిజమే. కానీ ఇంట్లో ఎవరికీ చెప్పలేని మాటను ఒక ఇన్లాండ్ లెటర్లో రాసి, అంటించి, డబ్బాలో వేసినప్పుడే సగం బరువు దిగిపోతుందని నా నమ్మకం. జవాబు అచ్చులో రావడం తరవాత సంగతి.

మరి ఇప్పటి కౌన్సెలింగ్ గదిలో జరిగేదేమిటి? దాదాపు ముప్పావుగంట సేపు మీరు మాట్లాడతారు, ఎదుటి మనిషి వింటారు. మధ్యలో ఫోను చూడరు, తమ కథ ఎత్తుకోరు. 1942లో కార్ల్ రోజర్స్ అనే అమెరికా ఆయన కౌన్సెలింగ్ మీద పుస్తకం రాస్తూ, వచ్చేవాణ్ణి రోగి అనడం మానేశాడు. దారి చూపించేది మనం కాదు, వాళ్లకే తెలుసు, పొరలు తొలగాలంతే అన్నాడు. తరవాత వచ్చిన వాళ్లు ఇంకో అడుగు వేశారు. 'నేనెందుకూ పనికిరాను' అనే ఆలోచనను పట్టుకుని, నిన్న ఎప్పుడొచ్చింది, అప్పుడు ఏం జరిగింది, అది నిజమనడానికి రుజువేమిటి అని లెక్కల మాస్టారిలా ఆరా తీస్తారు. చెప్పింది గడప దాటదు - ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఉంటే తప్ప. కౌన్సెలర్ మందులు రాయరు. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన డాక్టరు. కొన్ని జబ్బులకు మందులు కావలసిందే, మాటలొక్కటే చాలవు. మా అత్తమ్మకు వచ్చిన బాలింత దిగులు ముదిరితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. ఈ రోజుల్లో అయితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి.

ఇంతకీ అత్తమ్మకు ఎలా తగ్గింది? పసివాణ్ణి చూడటానికొచ్చే నర్సమ్మ వల్లనట. "ఆమె మందియ్యలే, మాకియ్యలే. వచ్చి గడప మీద కూసునేది. ఏడుస్తె ఏడ్వనిచ్చేది." ఏడాది పట్టింది.

ఆ మాట విన్నప్పుడు నాకు జింబాబ్వే ముసలమ్మలు గుర్తొచ్చారు. అక్కడ 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు, దేశం మొత్తానికి మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటే, ఏం చెయ్యాలో తోచక పధ్నాలుగుమంది బామ్మలకు శిక్షణ ఇచ్చాడు. ఆస్పత్రి ఆవరణలో ఒక చెక్కబల్ల వేశాడు. దానికి 'మానసిక ఆరోగ్య బల్ల' అని పేరు పెడితే ఒక్క పిట్ట వాలలేదు. బామ్మలు నవ్వి, 'స్నేహం బల్ల' అని పేరు మార్చమన్నారు. అంతే, జనం వచ్చి కూర్చున్నారు. ఆ వైద్యం నిజంగా పనిచేస్తోందని పెద్ద పరిశోధన చేసి 2016లో ప్రకటించారు.

మన శామీర్‌పేట కూడా తక్కువదేం కాదండోయ్. చెరువూ, జింకల పార్కూ చూసి వచ్చేస్తాం గానీ, అక్కడి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాఠాలు చెప్పిన అమితా ధండా గారు, మతి సరిగా లేదన్న ముద్ర వేసి మన చట్టాలూ కోర్టులూ మనిషి హక్కుల్ని ఎలా లాగేసుకుంటాయో 2000లో ఒక పుస్తకమే రాశారు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన ఒడంబడిక చర్చల్లోనూ పాల్గొన్నారు. ఆ ఒడంబడికకు తగ్గట్టు మనం 2017లో మానసిక ఆరోగ్య చట్టం తెచ్చుకున్నాం. 2018 నుంచి అమల్లో ఉంది. గొలుసులతో కట్టకూడదంది. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మనుషులు అగ్నిప్రమాదంలో 28 మంది చనిపోయారని గుర్తుంటే ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్థుడిలా కాకుండా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడమంది.

ఇవన్నీ అత్తమ్మకు నాకు చేతనైనట్టు చెప్పాను. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన 'టెలి మానస్' ఫోను సంగతి కూడా చెప్పాను, 14416, ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. మనవరాలు నగరంలో ఒక హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. ఆదివారం ఫోన్ చేస్తే 'మంచిగనే ఉన్న' అని పెట్టేస్తోందట.

"పైసలు పడ్తయా?"

"పడవత్తమ్మా."

"తెలుగుల మాట్లాడ్తరా?"

"మాట్లాడతారు."

"నడుమల అందుకోని, గట్లెందుకనుకుంటవ్, నీ అవ్వయ్య మొహం జూడు, అనరు గద?"

"అనకూడదు. అంటే వాళ్లకు ఆ పని రానట్టే."

"అయితె రాయి" అంది, గోడమీది కాలెండరు చూపిస్తూ. గ్యాస్ బుకింగ్ నంబరు కింద కాస్త ఖాళీ ఉంటే అక్కడ రాశాను. ఇంకా పెద్దగా రాయమంది. ఆ పిల్ల శనివారం వస్తుంది, చూసుకుంటుంది అంది.