నోడ్ పెట్టేముందు: మూడు అనుసంధాన నెట్‌వర్కుల సంగతి

బెంగళూరు, హోసూరు, బరంపురం వంటి ఊళ్ళలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు బ్లాక్‌చెయిన్ నోడ్లు నడుపుతామంటున్నారు. డిపాజిట్‌కు పెట్టే సొమ్ము చాలాసార్లు ఇంట్లో పెద్దలది. అందుకే పెద్దలకు కూడా అర్థమయ్యేటట్లు ఈ వివరాలు రాస్తున్నాం. పెట్టమనిగానీ, వద్దనిగానీ చెప్పడం మా ఉద్దేశం కాదు.

ఒక్కో బ్లాక్‌చెయిన్ ఒక్కో ఖాతా పుస్తకం. ఇందులో రాసినదాన్ని ఇంకో పుస్తకం ఊరికే నమ్మదు. ఒక రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని వేరే రాష్ట్రం కౌంటర్ దగ్గర నిలబడిన మనవారికి ఈ చిక్కు కొత్త కాదు. ఆ నమ్మకాన్ని ఎవరు ఇస్తారనే దగ్గరే ఈ నెట్‌వర్కులు వేరు పడతాయి.

కాస్మోస్ హబ్ 2019 మార్చిలో మొదలైంది. 2021లో ఐబీసీ అనే పద్ధతి అందులో అమల్లోకి వచ్చింది. బ్యాంకులో స్పెసిమెన్ సంతకాలు దాచుకున్నట్లు, ఒక గొలుసు రెండో గొలుసు వాలిడేటర్ల వివరాలు తన దగ్గర ఉంచుకుంటుంది. వచ్చిన కాగితాన్ని వాటితో తానే సరిచూసుకుంటుంది, మధ్యలో పెద్దమనిషి అక్కర్లేదు. కాగితం మోసేవాడు మాత్రం కావాలి. అతనే రిలేయర్. రెండువైపులా రుసుము చాలావరకు అతని జేబులోంచే పోతుంది కాబట్టి, ఆదాయం కోసం రిలేయర్ నడుపుదామనుకునేవారు ఈ లెక్క ముందు వేసుకోవాలి. చాలాకాలం ఎవరూ మోయకపోతే ఆ స్పెసిమెన్ వివరాలకు గడువు తీరి దారి మూసుకుపోతుంది. మళ్ళీ తెరవాలంటే సాధారణంగా ఓటింగ్ పెట్టాలి.

హబ్‌లో వాలిడేటర్ కావాలంటే మద్దతు సొమ్ము లెక్కన సుమారు 180 మందిలో చోటు దొరకాలి. గత 10,000 బ్లాకుల్లో కనీసం 5 శాతం సంతకం చేయకపోతే 0.01 శాతం కోత పడుతుంది, 10 నిమిషాలు బయట కూర్చోవాలి. ఆగకుండా దాదాపు 16 గంటలు నోడ్ పడుకుంటేనే ఆ పరిస్థితి వస్తుంది. అంటే ఒక పూట కరెంటు పోయినంతమాత్రాన కొంప మునగదు. అసలు ప్రమాదం వేరే ఉంది. కరెంటు భయంతో ఒకే తాళం చెవిని రెండు మిషన్లలో పెట్టి, రెండూ ఒకేసారి సంతకం చేస్తే 5 శాతం కోత. ఆ కోత మనల్ని నమ్మి సొమ్ము అప్పగించినవారికీ పడుతుంది, ఆ తాళానికి శాశ్వతంగా తలుపు మూసేస్తారు. జాగ్రత్తపరుడే ఈ తప్పు చేసేది! సొమ్ము వెనక్కి తీసుకోవడానికి 21 రోజులు పడుతుంది.

పోల్కాడాట్ 2020 మేలో వచ్చింది. ఇక్కడ రిలే చెయిన్ అనే ఒకే పెద్ద ఆఫీసు ఉంటుంది. దాని వాలిడేటర్లే పారాచెయిన్లన్నిటికీ కాపలా. ఆ గొలుసులు ఎక్స్‌సీఎం అనే భాషలో మాట్లాడుకుంటాయి. జీతం పద్ధతి మాకు నచ్చింది: చేసిన పనికి పాయింట్లు, డిపాజిట్ పెద్దదైనంత మాత్రాన ఎక్కువ ముట్టదు. శిక్షలోనూ ఒక తేడా ఉంది. ఒకేసారి ఎంత ఎక్కువమంది ఒకే తప్పు చేస్తే కోత అంత పెరుగుతుంది. అందువల్ల అందరూ ఒకే క్లౌడ్ కంపెనీ దగ్గర సర్వర్ తీసుకోవడం ఇక్కడ తెలివైన పని కాదు. ఇబ్బందల్లా చోటు దొరకడమే. నామినేటర్ల మద్దతు భారీగా కావాలి. ముందుగా చేయి తిప్పుకోవాలంటే కుసామా అనే తోబుట్టువు నెట్‌వర్కు ఉంది. అక్కడ విడుదల గడువు 7 రోజులే.

అవలాంచ్ 2020 సెప్టెంబరుది. ప్రధాన నెట్‌వర్కులో 2,000 అవాక్స్ కనీస డిపాజిట్, 2 వారాల నుంచి ఏడాది వరకు గడువు. అసలులో కోత లేదు. 80 శాతం సమయం నడవకపోతే వడ్డీ మాత్రం రాదు. 2024 డిసెంబరు మార్పు తర్వాత దాని కింద విడిగా గొలుసు నడిపేవారికి ఆ 2,000 షరతు తీసేసి, నడిచినంతకాలం రుసుము పెట్టారు. మొదటిసారి పెట్టేవారికి ఇదే భయం తక్కువది.

వీటికి బయట, కొద్దిమంది సంతకాలపై నడిచే వంతెనలు వేరే జాతి. 2022 మార్చిలో రోనిన్ వంతెనకు 9 మంది వాలిడేటర్లు ఉంటే 5 తాళాలు దొంగల చేతికి చిక్కాయి. 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అలాంటిచోట సంతకందారుగా ఉండమని ఎవరైనా పిలిస్తే, మిగతా తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయో అడగండి. రోనిన్‌లో నాలుగు ఒకే కంపెనీవి.

మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఈ ఆస్తుల అమ్మకం లాభంపై 30 శాతం పన్ను, అదే జులై నుంచి 1 శాతం టీడీఎస్. కొన్న ధర తప్ప కరెంటు బిల్లు, సర్వర్ అద్దె తగ్గించుకోనివ్వరు. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో కలుపుకోనివ్వరు. వచ్చిన ప్రతి రివార్డుకు తేదీ, ఆనాటి రూపాయి విలువ పుస్తకంలో రాసుకుంటేనే ఆడిటరు దగ్గర పని జరుగుతుంది. పైన చెప్పిన కోతలు, గడువులు ఆయా నెట్‌వర్కుల ఓటింగుతో మారుతుంటాయి కనుక, డిపాజిట్ కట్టే రోజున మళ్ళీ ఒకసారి సరిచూసుకోవాలి.