స్టాక్ రిజిస్టర్‌లో బొమ్మలు

విజ్డమ్ బ్లాకులు ఒక సెట్టు. పక్షులు, జంతువుల పజిల్ ఒకటి. భూతద్దం, అయస్కాంతాలు, కొలత టేపు, త్రాసు, తూనికరాళ్లు. స్కిప్పింగ్ తాడు. రబ్బరు బంతులు. ఉయ్యాలకి తాడూ టైరూ. ఢోలక్, తబలా, హార్మోనియం. 1986 జాతీయ విద్యావిధానం వెనకాలే వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకీ ఉండాలన్న సామాను జాబితాలో ఇవి కొన్ని. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఈ సామాను. ఏ మూలనున్న బడికైనా కనీసం ఇంత ఉండాలన్నారు. శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి చుట్టుపక్కల ఒంటి టీచరు బళ్లలో పనిచేస్తున్న మాకు హార్మోనియం అనగానే నవ్వొచ్చింది. బంతులనగానే ఆశ పుట్టింది.

బంతులు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే ట్రంకుపెట్టెలోకి వెళ్లాయి. అప్పటి హెడ్మాస్టరు ఒకాయన నాతో అన్నమాట: "పిల్లలకిస్తే పోతాయమ్మా. పోతే ఇన్‌స్పెక్షన్‌లో సంజాయిషీ చెప్పుకోవలసింది నేను." ఆయన పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. కానీ చార్జి అప్పగించే రోజున పుస్తకంలో రాసిన ప్రతి వస్తువూ లెక్కకి రావాలి. రాకపోతే పింఛను కాగితాలు కదలవని భయం. చంటిపిల్లల చదువులోకి ఆట రాకుండా అడ్డుపడింది పాతకాలపు ఛాందసమని ట్రెయినింగుల్లో చెప్పేవారు. నన్నడిగితే అసలు అడ్డం స్టాక్ రిజిస్టరు.

రిజిస్టరు లేని కాలం కూడా ఒకటుంది. అప్పుడు రాసుకోడానికి సామానే లేదు. వీధి బడంటే అరుగు, ఇసుక, అయ్యవారు, బెత్తం. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని బళ్ల లెక్క తీయించాడు. వచ్చిన జవాబుల్లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపింది బాగా వివరమైనది. ఆ జిల్లాలో 533 బళ్లున్నాయని రాశాడు. తెలుగు బళ్లూ కన్నడ బళ్లూ దాదాపు సరిసమానం. అయిదో ఏట బడిలో వేసిన పిల్లాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు, అంటే వాడికి మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అలా వచ్చినకొద్దీ ఒక్కోటి పెరిగేది. పదిహేనోవాడికి పదమూడు. తీసివేతలు నేర్పడానికి పుస్తకం అక్కర్లేని బడి!

బళ్లారి సంగతి మాకెందుకంటారేమో. మా ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లా కింద ఉండేది. శ్రీకాకుళం జిల్లా అయింది 1950లో. ఆ బెత్తం, ఆ ఇసుక మాత్రం మా తాతల నోట నేను విన్నవే.

ఆ ఇసుక ఇంగ్లండు కూడా వెళ్లింది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడికి సూపరింటెండెంటుగా కుదిరిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ, ఒక దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తన బడిలో అదే పెట్టాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే పద్ధతి కూడా దానికి కలిసింది. 1797లో లండన్‌లో ఆ సంగతంతా అచ్చు వేయించాడు. 'మద్రాసు పద్ధతి' పేరుతో అక్కడ బళ్ల మీద బళ్లు వెలిశాయి. మన అరుగు మీది ఇసుక అక్కడ చెక్క పళ్లేల్లోకి ఎక్కితే, ఇక్కడ మార్కాపురం పలక వచ్చి ఇసుకని తోసేసింది. పలక నల్లబడాలని దొండాకు పసరులో బొగ్గు నూరి రుద్దడం, ఎండలో పెట్టి ఎవరిది ముందు ఆరుతుందో పందెం వేసుకోవడం... ఒకటో తరగతిలో మాకు అధికారికంగా దక్కిన ఆట అదొక్కటే.

జర్మనీలో ఫ్రోబెల్ చిన్నపిల్లల బడికి 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టి, ఉన్ని బంతులూ చెక్క దిమ్మలూ చేతికిచ్చాడు. మాంటిసోరి 1939 చివర్లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఇవి ట్రెయినింగ్ స్కూల్లో పరీక్షకి బట్టీపట్టిన పేర్లు. ఆటని గురించి బట్టీపట్టడంలో ఉన్న వింత అప్పట్లో మాకెవరికీ తోచలేదు.

నాకు బాగా నచ్చిన మనిషి తారాబాయి మోదక్. మహారాష్ట్రలో సముద్రపు ఒడ్డున బోర్డీ అనే ఊళ్లో 1945లో పని మొదలుపెట్టింది. మాంటిసోరి సామాను ఖరీదు, పల్లె కొనలేదు. కాబట్టి గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్లు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకెళ్లింది. గింజ పోతే ఇంకో గింజ ఏరుకోవచ్చు, దానికి సంజాయిషీ ఎవరు అడుగుతారు? అంగన్‌వాడీ అన్న ఆలోచనకి మూలం ఆ ముంగిలి.

మావైపు వాళ్లలో ఇద్దర్ని తలుచుకోవాలి. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించాడు. ఆట గురించి ఆయన వాదించలేదు గానీ, ఇంట్లో మాట్లాడే మాటకి బడిలో చోటు లేకపోతే పిల్ల ఆడదు, పాడదు, బిగుసుకు కూచుంటుంది. ఇది ఇచ్ఛాపురం సరిహద్దు బళ్లలో పనిచేసిన ఎవర్నడిగినా చెప్తారు. రెండోవారు బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు, రేడియో అన్నయ్య. భార్య కామేశ్వరితో కలిసి పిల్లల్నే మైకు ముందు కూచోబెట్టి ఆడించారు, పాడించారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. మా పల్లెల్లో రేడియో ఉన్న ఇల్లు ఊరికొకటి. ఆ అరుగు మీద ఆదివారం మధ్యాహ్నం కూచున్న పిల్లలే ఆయన బడి.

అసలైన బడి వీధిలో నడుస్తూనే ఉండేది. వామనగుంటలు చూడండి. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. చెక్క లేకపోతే పెరట్లో నేలమీదే తవ్వుకునేవాళ్లం. గుంటకి నాలుగో అయిదో చింతపిక్కలు. ఒక గుంటలోవి ఎత్తి ఒక్కోటీ పంచుకుంటూ పోవాలి. ఆఖరి పిక్క పడ్డాక ఆ పక్క గుంటలోవి ఎత్తి మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీ అయితే దాని తర్వాతి గుంటలో ఉన్నవన్నీ మనవి. ఆరేళ్ల పిల్ల చెయ్యి పెట్టకముందే కళ్లతో పద్నాలుగు గుంటలూ చుట్టేస్తుంది. ఇది ఎత్తితే ఎక్కడ ఆగుతుంది, ఎదటిదానికేమైనా దొరుకుతుందా అని చూసుకుంటుంది. అదే పిల్లని బడిలో ఏడూ అయిదూ ఎంతంటే నోరు విప్పదు.

ఉద్దానం వైపు వేసవి వస్తే జీడిపిక్కలే గోళీలు. గీత మీద పిక్కలు వరసగా పేర్చి దూరం నుంచి పెద్ద పిక్కతో కొట్టడం. గీత దాటినవి కొట్టినవాడివి. జేబులో ఎన్నున్నాయిరా అంటే తడుముకోకుండా చెప్పేవారు, ఎందుకంటే కొట్లో వేస్తే ఎన్ని పిక్కలకి పుల్లైసు వస్తుందో వాళ్లకి తెలుసు. వేళ్లకి జీడి అంటి పొక్కిన పిల్లలు జూన్‌లో బడి తెరిచాక బలపం పట్టలేక ఏడ్చేవారు. ముంజెలు తిన్నాక రెండు బుర్రల మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుపోయే బండి ఇంకో పాఠం. ఇరుసు వంకరైతే బండి ఎటు లాగుతుందో ఏ సైన్సు కిట్టూ అంత బాగా చెప్పలేదు. ఇక కొత్తమ్మతల్లి జాతరకైతే బూరలు, గిలక్కాయలు, మట్టి గిన్నెల సెట్లు. పోలాల అమావాస్య దాటి జాతర అయ్యాక వారం రోజులపాటు నా క్లాసులో ప్రతివాడి జేబూ మోగేది.

ఈ వీధినీ బడినీ కలపాలని గట్టిగా చూసింది ఎనభైల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మేము ఏపీపీఈపీ అనేవాళ్లం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచింది. ఆరు సూత్రాలు. పిల్లలతో చేయించే పనులు తయారుచేయడం. చేస్తూ, కనిపెడుతూ నేర్చుకోనివ్వడం. ఒంటరిగానూ జట్లుగానూ తరగతి మొత్తంగానూ పని. పిల్లకీ పిల్లకీ ఉన్న తేడాని గుర్తించడం. చుట్టూ ఉన్న పరిసరాన్ని వాడుకోవడం. పిల్లలు చేసినవి గోడకి పెట్టి గదిని ఇంపుగా ఉంచడం. అయిదో సూత్రం వినగానే వెనక బెంచీలో కూచున్న ఒక మేష్టారు, "అంటే చింతపిక్కలు తెమ్మంటున్నారు" అన్నారు. నవ్వులాటకి అన్నా, ఆ మాటే ఆ ట్రెయినింగ్ మొత్తానికీ సారం. టీచర్ సెంటర్లో నెలనెలా కలిసి ఎవరేం చేశామో చూపించుకునేవాళ్లం. ఉద్యోగంలో నాకు నిజంగా పనికొచ్చిన మీటింగులు అవే.

చిక్కు ఇళ్ల దగ్గర వచ్చింది. పిల్లలు నేలమీద పిక్కలు పంచుకుంటుంటే ఒక తల్లి గుమ్మంలో నిలబడి అడిగింది: "ఆటలాడుకోడానికి బడెందుకమ్మా, ఇంటికాడ ఆడుకోరా? నాలుగచ్చరాలు సెప్పండి." ఆమెని తప్పు పట్టలేను. కూలి మానేసి కూతుర్ని దింపి వెళ్తోంది. కూతురు ఇంట్లో చేసేదే బడిలోనూ చేస్తుంటే ఆ పూట కూలి దండగ. ఊళ్లోకి కాన్వెంటు వచ్చి, ఎల్‌కేజీ పిల్లకి బెల్టూ టై కట్టి, నాలుగు గీతల పుస్తకం నిండా ఏబీసీడీలు రాయించి పంపిస్తే ఆ పుస్తకం కంటికి కనిపిస్తుంది. ఆట కనిపించదు.

తొంభైల్లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, డీపీఈపీ, వచ్చింది. మా పొరుగు విజయనగరం మొదటి విడత జిల్లాల్లోనే ఉంది. టీచరుకి ఏడాదికి అయిదొందలు బోధనోపకరణాలకి ఇచ్చే అలవాటు ఆ కాలంలో మొదలై సర్వశిక్షా అభియాన్‌లోనూ కొనసాగింది. అయిదొందలు అనగానే బిల్లు కావాలి. చింతపిక్కలకి బిల్లు ఎవడిస్తాడు? కాబట్టి థర్మకోల్, చార్టులు, మెరుపు కాగితం. మేళాల్లో బహుమతి పొందిన థర్మకోల్ గడియారాలు బీరువా మీద దుమ్ము పట్టేవి, ముట్టుకుంటే ముల్లు ఊడిపోతుందని.

ఇంతలో విశాఖ దిగువన, వరాహ నది పక్కన ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి లక్క పూసి పిల్లల పొయ్యి, కుండ, గరిట, బొంగరం చేసే పనివాళ్లు తరాలుగా ఉన్నారు. చెట్ల రంగులు వాడతారు, చంటిది నోట్లో పెట్టుకున్నా బెంగలేదు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను చూసిన ప్రభుత్వ కిట్లలో మాత్రం ఒక్క లక్కపిడతా లేదు, అన్నీ ప్లాస్టిక్కే.

అంగన్‌వాడీల సంగతి చెప్పాలి, ఎందుకంటే బడికి రాని వయసు పిల్లలు అక్కడే ఉన్నారు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, ఐసీడీఎస్‌లో ఆరు సేవలు. వాటిలో పూర్వప్రాథమిక విద్య ఒకటి. మిగతావి తిండి, టీకాలు, వైద్యం చుట్టూ తిరిగేవి. ఆకలి ముందు ఆట వెనకబడడం సహజం. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అని, దానికి ఆటే పునాది అని చెప్పాక అంగన్‌వాడీ పిల్లలు పీపీ-1, పీపీ-2 అయ్యారు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం 'జాదూయీ పిటారా' విడుదల చేసింది. బొమ్మలు, పజిళ్లు, కార్డులు, కథలు నిండిన మాయపెట్టె. మళ్లీ పెట్టె!

ఈమధ్య మావైపే ఒక అంగన్‌వాడీకి వెళ్తే దిమ్మల డబ్బా కవరు విప్పకుండా అటక మీదుంది. టీచరు చిన్నమ్మాయి. "ఇరిగితే నా జీతంలోంచి కట్టాలేమోనని బయ్యం అమ్మా" అంది. అప్పటికి ఆమె గౌరవ వేతనం నెలకి పదకొండువేల అయిదొందలు. అది పెంచమనే కదా వీళ్లంతా 2023 డిసెంబరులో సమ్మెకి దిగి 42 రోజులు రోడ్డు మీద కూచున్నది! దిమ్మకి కట్టే స్థితిలో ఆమె లేదు.

ఆపరేషన్ బ్లాక్‌బోర్డు జాబితాలోనే సుద్దముక్కలు కూడా ఉండేవి. నిన్నటి సుద్దముక్క ఏదని నన్ను ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు, అది ఖర్చయ్యే సరుకు. ఇదే మాట ఒక ఆఫీసులో అంటే గుమస్తా నవ్వి, "దానికి పైనుంచి జీవో రావాలండి" అన్నాడు. ముసాయిదా నేనే రాసిస్తానన్నాను. ఆరేళ్లలోపు పిల్లల ఆట సామానును సుద్దముక్కలతో సమానంగా ఖర్చు పద్దులో రాసుకోవలెను. విరిగినదానికి, పోయినదానికి సంజాయిషీ అడగరాదు. కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. ఇన్‌వార్డు నంబరు మాత్రం వేయించుకునే వచ్చాను.